బొటనవేలిపై కొర్రీ

రాష్ట్రంలో ఎవరూ తమకు తగిన పని చేయడం లేదన్న సంగతి ప్రభుత్వానికి ఒక బిర్యానీ పాయింటులో తెలిసింది. పర్యటనలో ఉన్న మంత్రిగారొకరు ఆకలికి ఆగలేక అక్కడ దిగారు. బిర్యానీ బ్రహ్మాండంగా ఉంది. ముచ్చటపడి వంటవాణ్ణి పిలిపించి ఏం చదివావోయ్ అని అడిగితే సివిల్ ఇంజినీరింగ్ అన్నాడు. ప్లేట్లు పెడుతున్నవాడు ఎంబీయే. బయట కార్లకు దారి చూపిస్తున్న పెద్దమనిషి వృక్షశాస్త్రంలో డాక్టరేటు. మంత్రిగారికి ముద్ద దిగలేదు. మరి మీరేం చదివారు సార్ అని ఎవరైనా అడిగేలోగా చెయ్యి కడుక్కుని లేచి, కారెక్కి, ఒక కమిటీ వేశారు.

కమిటీ సభ్యులు చల్లటి దేశాలు కొన్ని తిరిగివచ్చి నివేదిక రాశారు. ఎవరికి ఏ పని తగునో డిగ్రీ అయ్యాక అడగడం ఆలస్యమని అందులో తేల్చారు. ఇంటర్లో అడుగుదామంటే అప్పటికే ఎంపీసీలోనో బైపీసీలోనో ఇరుక్కుని ఉంటారు. పదో తరగతిలో అడుగుదామంటే ఆ పిల్లలు ఆరో తరగతి నుంచే ఫౌండేషన్ కోర్సులో ఉంటారు. ఎల్‌కేజీలో అడిగితే వాళ్ళ నాన్న చెప్పిన జవాబే చెబుతారు. కాబట్టి మాటలు రాకముందే అడగాలి. మాటలు రానివాళ్ళను అడగడం ఎలా అన్న చిక్కు దగ్గర కమిటీ ఆగిపోయి ఉంటే రాష్ట్రం సుఖపడేది. కానీ సరిగ్గా ఆ వేళే ఒక సభ్యుడి అత్తగారు, ఇంకో కూతురి బిడ్డకు అన్నప్రాశన చేస్తూ, అల్లుడుగారు రాలేదేమని ఫోన్ చేసింది.

అన్నప్రాశన మనకు కొత్త కాదు. బిడ్డకు మొదటిసారి పరమాన్నం నాకించి, ఎదురుగా పుస్తకం, పెన్ను, బంగారం, కత్తి లాంటివి పరిచి, బిడ్డ పాకుతూ వెళ్ళి దేన్ని పట్టుకుంటే ఆ విద్య వస్తుందని ఇంటిల్లిపాదీ నవ్వుకునే ముచ్చట అది. పుస్తకం పట్టుకుంటే పండితుడన్నారు, కత్తి పట్టుకుంటే శూరుడన్నారు. ఆ తరవాత భోజనాలు చేసి మర్చిపోయారు. తరతరాలుగా తెలుగువాళ్ళు ఈ వేడుకను మర్చిపోతూనే క్షేమంగా బతికారు. ప్రభుత్వానికి మర్చిపోయే అలవాటు మిగతా విషయాల్లో ఎంత ఉన్నా ఇందులో లేకపోయింది. ఆరు నెలలు తిరక్కుండా వృత్తి శీఘ్ర నిర్ధారణ చట్టం వచ్చేసింది.

చట్టం ప్రకారం రాష్ట్రంలో ప్రతి శిశువూ, ఏ మతమైనా, ఆరో నెలలో ప్రథమ గ్రహణ పరీక్షకు హాజరు కావాలి. ప్రభుత్వం పరిచిన వస్తువుల్లో మొదట దేన్ని పట్టుకుంటే అదే ఆ శిశువుకు జీవితాంతం వృత్తి. ఆ వృత్తికి సంబంధించిన చదువే చదవాలి, ఆ ఉద్యోగమే చేయాలి. సప్లిమెంటరీ లేదు, రీకౌంటింగ్ లేదు. ఆడపిల్లలకు ఐదో నెలలో కదా చేస్తారు అని కొందరు పెద్దవాళ్ళు గొణిగితే, లింగ సమానత్వం దృష్ట్యా ఆ వివక్షను తొలగించడమైనదని జవాబొచ్చింది.

పెదనందిపాలెం మున్సిపల్ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుగా చేస్తున్న యలమందరావుకు ఈ చట్టం వచ్చిన నెలలోనే కూతురు పుట్టింది. జాహ్నవి అని పేరు పెట్టుకున్నారు. చట్టం గురించి ఊరంతా నవ్వుతుంటే యలమందరావు మాత్రం నవ్వలేదు. నవ్వకపోవడానికి అతనికో కారణం ఉంది.

అతనికి తన ఉద్యోగమంటే సిగ్గు. పని రాక కాదు, మరీ ఎక్కువగా వచ్చి. ఏ దరఖాస్తు చేతికొచ్చినా అందులో ఉన్నదానికంటే లేనిదే ముందు అతని కంట్లో పడేది. పడ్డాక ఊరుకోలేడు. కొర్రీ వేసేవాడు. ఇది జతచేయలేదు, అది వివరించలేదు అని రాసి కాగితాన్ని వచ్చిన దారినే తిప్పిపంపే ఆ విద్యలో జిల్లాలో అతనికి సాటి లేడు. ఒకసారి కుళాయి కనెక్షన్ కోసం ఒక ముసలాయన వస్తే, దరఖాస్తుదారు జీవించి ఉన్నట్టు రుజువు జతచేయలేదని కొర్రీ వేశాడు. ముసలాయన ఎదురుగానే నిలబడి దగ్గుతున్నాడు. దగ్గును జతచేయడానికి వీల్లేదు కదండీ అన్నాడు యలమందరావు, నిజంగానే బాధపడుతూ. సాయంత్రం ఇంటికెళ్ళాక అన్నం సయించక, మర్నాడు తనే ఆ రుజువేదో పుట్టించి ముసలాయనకు కుళాయి పెట్టించాడు. తనకు ఏ పని సరిపోతుందో అతనికి ఎన్నడూ తెలియలేదు. ఈ పని సరిపోదని మాత్రం గట్టిగా తెలుసు.

"కనీసం పిల్లని అడుగుతున్నారు గదా హైమా," అన్నాడు భార్యతో. "నన్నెవరడిగారు? మా నాన్న పోతే ఆ ఖాళీలో నన్ను కూర్చోబెట్టారు. దీనికా గతి పట్టకూడదు."

"ఆర్నెల్ల పిల్ల ఏం చెప్పుద్దండీ?" అంది హైమ.

మంచం మీద నుంచి అతని తల్లి శేషారత్నం అందుకుంది. "నీ అన్నప్రాశనప్పుడు నువ్వు పెన్ను పట్టుకున్నావురా యలమందా. కలెక్టరవుతాడని ఊరంతా స్వీట్లు పంచా. మీ అన్న లడ్డూ పట్టుకున్నాడు. ఇప్పుడు వాడికి షుగరు. ఆ ఆటని నమ్ముకుని బతుకుతారంట్రా ఎవరన్నా!"

"ఆట కాదమ్మా, చట్టం," అన్నాడు యలమందరావు.

డాక్టరైతే బాగుంటుందని ఇద్దరికీ ఉంది. అది తప్పు కాదు, ఆ ఊళ్ళో అందరికీ అదే ఉంది. ఉంది కాబట్టే చట్టం వచ్చిన పక్షం రోజులకే బస్టాండు ఎదురుగా బుడిబుడి ర్యాంకర్స్ అకాడమీ వెలిసింది. దాని హోర్డింగు మీద డైపర్లు కట్టుకున్న పిల్లలు వరసగా నవ్వుతూ ఉండేవారు. ఒక్కొక్కరి కింద పేరు, పట్టుకున్న వస్తువు, పట్టడానికి పట్టిన సమయం రాసి ఉండేవి. ఎందుకంటే స్టెతస్కోపు పట్టుకునేవాళ్ళు మరీ ఎక్కువైపోయి, వేగంగా పట్టుకున్నవాళ్ళకే మంచి కాలేజీ అని ప్రభుత్వం కటాఫ్ పెట్టింది. తీరిగ్గా పాకినవాళ్ళు కాంపౌండర్లు.

అకాడమీ డీన్ సుధాకర్ సార్ టై కట్టుకుని యలమందరావు దంపతులను ఎదురు కుర్చీల్లో కూర్చోబెట్టాడు.

"పిల్ల వయసెంత?"

"మూడో నెలండీ."

డీన్ నిట్టూర్చాడు. "చాలా లేట్ చేశారు. మా దగ్గర కడుపులో ఉండగానే రిజర్వు చేసుకుంటున్నారు. సరే, చూద్దాం. రెసిడెన్షియల్లో వేస్తేనే ఏమైనా ఆశ."

"పాలు తాగే పిల్లండీ!" అంది హైమ.

"పాల గంట కొడతాం మేడమ్. అప్పుడు తల్లులు వచ్చి పోవచ్చు. తండ్రులకు మాత్రం ఆదివారం, అద్దంలోంచి." డీన్ ముందుకు వంగాడు. "అసలు ప్రాబ్లమ్ ఎక్కడుందో చెప్పమంటారా? పిల్లలకి పుట్టుకతో ఒక బ్యాడ్ హ్యాబిట్ ఉంటుంది. ఎవరు కనపడినా ఎత్తుకోమని చేతులు చాస్తారు. పరీక్ష హాల్లో అది చాలా డేంజర్. మేం ముందు దాన్ని మాన్పిస్తాం. అమ్మ కోసం చెయ్యి చాస్తే ఒక మైనస్, నాన్న కోసం చాస్తే రెండు. స్టెతస్కోపు కోసం చాస్తేనే ఉగ్గు. నెల తిరిగేసరికి పిల్లకి లోకంలో స్టెతస్కోపు తప్ప ఇంకేం కనపడదు. మాది గ్యారంటీ."

నాన్న కోసం చాస్తే రెండెందుకని యలమందరావు అడగబోయాడు. కానీ అది కొర్రీ వేసినట్టుంటుందని సర్దుకున్నాడు. పిల్లని చేర్పించి వచ్చారు.

ఆ రెండున్నర నెలలూ ఇల్లు ఇల్లులా లేదు. హైమ గంట కొట్టినప్పుడల్లా పరుగెత్తేది. శేషారత్నం ఖాళీ ఉయ్యాలను చూసి కొడుకుతో మాట్లాడటం మానేసింది. ఆదివారాలు యలమందరావు అద్దం ముందు నిలబడేవాడు. లోపల పిల్లలంతా బోర్లా పడుకుని వరసగా స్టెతస్కోపుల వైపు పాకుతూ ఉండేవారు. జాహ్నవి ఆఖరి వరసలో ఉండేది. పాకేది కాదు. తలెత్తి అద్దం వైపు చూసేది, రెండు చేతులూ ఎత్తేది, పట్టు తప్పి ముక్కు మీద పడేది. పక్కనున్న టీచరు కాగితం మీద గీతలు పెట్టేది. యలమందరావు పిల్ల భవిష్యత్తు కోసమే కదా అని గట్టిగా అనుకుని, అద్దాన్ని వేలితో ఒకసారి తట్టి, బయటకొచ్చి కళ్ళు తుడుచుకునేవాడు.

పరీక్ష కేంద్రం కల్యాణ మండపంలో పెట్టారు. ద్వారం దగ్గర పోలీసులు బొమ్మలు, గిలక్కాయలు, పాలపీకలు తనిఖీ చేసి లాక్కుంటున్నారు. గోడల మీద నియమాలు అంటించి ఉన్నాయి. శిశువును పేరు పెట్టి పిలవరాదు. చప్పట్లు కొట్టరాదు. తల్లిదండ్రులలో ఒక్కరు మాత్రమే సాక్షిగా చాప చివర కూర్చొనవలెను. సదరు సాక్షి నవ్వరాదు.

లోపల పెద్ద చాప మీద వస్తువులు పరిచారు. స్టెతస్కోపు, లాప్‌టాప్, సుత్తి, కత్తెర, గరిటె, తాపీ, సుద్దముక్క, ఇంకా చాలా ఉన్నాయి. ఈ వస్తువుల సరఫరాకు టెండరు పిలిచారు, టెండరు తక్కువకు కోట్ చేసినవాడికి దక్కింది. పక్క ఊళ్ళో ఆ మహానుభావుడు మిగతావన్నీ తుప్పు పట్టినవి పంపి, తాపీ ఒక్కటి తళతళలాడేది పంపాడు. ఆ నెల ఆ ఊరి పిల్లలంతా, డాక్టరుగారి కవలలతో సహా, తాపీ మేస్త్రీలుగా నమోదయ్యారు. డాక్టరుగారు కోర్టుకు వెళ్ళారు. కవలలకు ఇసుక, సిమెంటు పాళ్ళ మీద బొమ్మల పుస్తకం ఉచితంగా వచ్చింది.

ప్రత్యేకాధికారి ఉమామహేశ్వర్ గారు ఎత్తు కుర్చీలో కూర్చున్నారు. పక్కన కంప్యూటరు ఆపరేటరు. ముందొచ్చిన బాబు ఉత్సాహంగా పాకి వెళ్ళి లాప్‌టాప్ మీదెక్కి, పట్టుకోకుండానే దాన్ని తడిపేశాడు.

తండ్రి ఆందోళనగా లేచాడు. ప్రత్యేకాధికారి చెయ్యెత్తి వారించారు. "సదరు శిశువు లాప్‌టాప్‌ను గ్రహించలేదు, జలమయం చేసింది. నియమావళి ఉద్దేశాన్ని విశాల దృష్టితో పరిశీలించిన మీదట, శిశువును నీటిపారుదల శాఖకు కేటాయించడమైనది. తదుపరి!"

తరవాతి పాప కదలకుండా వెల్లకిలా తిరిగి తన కాలు తను పట్టుకుని నోట్లో పెట్టుకుంది. కాలు సంచారానికి సాధనం కనుక పోస్ట్‌మన్ అన్నారు. ఆ పాప తల్లి ఏడ్చింది. ఏడుపును నమోదు చేయడానికి కంప్యూటర్లో గడి లేదు.

జాహ్నవి వంతు వచ్చింది. యలమందరావు చాప చివర బాసింపట్టు వేసుకుని కూర్చుని, నవ్వరాదు కనుక మూతి బిగించుకున్నాడు. హైమ గుమ్మం అవతల నిలబడింది. అకాడమీ ఆయా పిల్లను తెచ్చి గీత దగ్గర బోర్లా పడుకోబెట్టి, చెవిలో చివరిసారి "స్టెత్, స్టెత్" అని వెళ్ళిపోయింది.

జాహ్నవి తలెత్తింది. స్టెతస్కోపు అరచేతి దూరంలో ఉంది. దాన్ని చూడగానే పిల్ల మొహం ముడుచుకుంది, పక్కకు తిరిగింది. సుత్తిని దాటింది. గరిటెను పొట్టతో నెట్టేసింది. రెండున్నర నెలల కోచింగులో ఎన్నడూ పాకని పిల్ల, డీన్ పనికిరాదని తేల్చేసిన పిల్ల, అంత చాప మీద ఆయాసపడుతూ, చొంగ కార్చుకుంటూ పాకింది. మధ్యలో అద్దం లేదు. చాప చివరికొచ్చి, నవ్వకుండా కూర్చున్న తండ్రి చేతి బొటనవేలిని రెండు చేతులతో పట్టుకుని, నోట్లో పెట్టుకుని, అప్పుడు నవ్వింది.

యలమందరావు నియమం ఉల్లంఘించాడు. నవ్వడమే కాదు, ఏడ్చాడు కూడా. ఈ పిల్లకా నేను నా దగ్గరికి రావద్దని డబ్బు కట్టి నేర్పించింది అనుకుంటే అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది.

"గ్రహించిన వస్తువు?" అన్నాడు ఆపరేటరు.

"తండ్రి," అన్నారు ప్రత్యేకాధికారి.

"లిస్టులో తండ్రి లేడు సార్."

ప్రత్యేకాధికారి కళ్ళజోడు తుడుచుకున్నారు. చిక్కులంటే ఆయనకు భయం లేదు, చట్టాన్ని విశాల దృష్టితో చూడగలరు. "ఏమయ్యా, నువ్వేం చేస్తుంటావు?"

"మున్సిపాలిటీలో సీనియర్ అసిస్టెంటునండీ."

"చాలా తేలిక. శిశువు గ్రహించినది సీనియర్ అసిస్టెంటును. కావున శిశువు వృత్తి సీనియర్ అసిస్టెంటు, మున్సిపల్ శాఖ, సెక్షను కూడా తండ్రిదే. నమోదు చెయ్యి. తదుపరి!"

గుమ్మం అవతల హైమ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ పాత బల్ల, ఆ విరిగిన ఫ్యాను, ఎదురుగా దగ్గుతూ నిలబడే మనుషులు, అన్నీ యలమందరావు కళ్ళముందు తిరిగాయి. ఏ కుర్చీ నుంచి పిల్లను తప్పించాలని ఇంత చేశాడో ఆ కుర్చీలోకే పిల్లను తోస్తున్నారు. ఆపరేటరు వేలు మీట మీదికి వెళ్ళింది. అదొక్కసారి నొక్కితే ఇక దేవుడు దిగివచ్చినా మారదు.

సరిగ్గా అప్పుడు, ఎప్పటిలాగే, లేనిదేదో అతని కంట్లో పడింది.

"అయ్యా, చిన్న సందేహం," అన్నాడు. గొంతు అతనిదే, ఆఫీసు గొంతు. "పాప పట్టుకుంది నన్నా, నా బొటనవేలినా?"

"రెండూ ఒకటే కదయ్యా."

"ఎట్టా అవుద్దండీ? ఉద్యోగంలో చేర్చుకుంది నన్ను. బొటనవేలికి నియామక పత్రం లేదు. సర్వీసు రూల్స్‌లో అవయవాల ప్రస్తావన ఎక్కడా లేదు. వేలిని పట్టుకుంటే ఉద్యోగిని పట్టుకున్నట్టేనని ఏ ఉత్తర్వులో ఉందో సెలవిస్తే నేను కూర్చుంటా."

ఆపరేటరు వేలు గాల్లో ఆగింది.

"పైగా ఈ పూట నేను సెలవులో ఉన్నానండీ. సెలవులో ఉన్నవాడు విధుల్లో లేనట్టే. అప్పుడు పాప పట్టుకుంది సీనియర్ అసిస్టెంటునా, ఖాళీగా ఉన్న మామూలు మనిషినా? అది తేలకుండా నమోదు చేస్తే రేపు ఆడిట్ వాళ్ళు మిమ్మల్ని అడుగుతారు. నన్ను కాదు."

ఆడిట్ అన్న మాట ఎంత విశాల దృష్టినైనా ఇరుకు చేస్తుంది. ప్రత్యేకాధికారి నుదురు తుడుచుకున్నారు. "అయితే ఏమంటావు?"

"నేనేమంటానండీ? పైవాళ్ళ వివరణ కోరండి. వివరణ వచ్చేదాకా పెండింగ్‌లో పెట్టండి."

పెండింగ్ గడి మాత్రం కంప్యూటర్లో ఉంది. ఏ ప్రభుత్వ కంప్యూటర్లోనైనా ఆ గడి ముందు పెట్టాకే మిగతావి పెడతారు. ఆపరేటరు నొక్కాడు. యలమందరావు కూతుర్ని ఎత్తుకుని, వేలిని దాని నోట్లోంచి తీయకుండానే బయటికి నడిచాడు.

ఇంటికి రాగానే శేషారత్నం కొడుకుతో మాట్లాడింది. "డాక్టరా?"

"కాదు."

"ఇంజనీరా?"

"కాదమ్మా. ఇంకా ఏం కాలేదు."

"హమ్మయ్య," అని మనవరాలిని లాక్కుంది ముసలామె.

ఈ వార్త దాగలేదు. పెండింగ్‌లో ఉన్న పిల్ల ఏదైనా చదవచ్చట, ఏదైనా మానేయచ్చట అని ఊరంతా పాకిపోయింది. వారం తిరక్కుండా బుడిబుడి అకాడమీ హోర్డింగు మీద జాహ్నవి బొమ్మ ఎక్కింది. కింద 'పెండింగ్‌లో స్టేట్ ఫస్ట్, మా విద్యార్థిని' అని రాశారు. డీన్ కొత్తగా బొటనవేలి బ్యాచ్ తెరిచాడు. కన్నతండ్రులకు తీరిక ఉండదు కనుక, పట్టుకోవడానికి ఫ్యాకల్టీ బొటనవేళ్ళు ఏర్పాటు చేశాడు. పిల్లలు అవి చూసి గుక్కపట్టి ఏడ్చారు. ప్రభుత్వం కూడా ఊరుకోలేదు. సాక్షులు చేతులను వెనకకు కట్టుకుని, బూట్లు ధరించి కూర్చొనవలెనని సవరణ తెచ్చింది. దాంతో ఆ దారి మూసుకుపోయింది. జాహ్నవి తరవాత పెండింగ్‌లో పడ్డ పిల్లలు ఇంకెవరూ లేరు.

వివరణ మాత్రం పైనుంచి వస్తూనే ఉండేది. వచ్చిన ప్రతిసారీ యలమందరావు దానికి కొర్రీ వేసి తిప్పిపంపేవాడు. పట్టుకున్నది కుడి బొటనవేలా, ఎడమదా తెలుపవలెనని వాళ్ళు అడిగితే, కుడి అంటే శిశువుకు కుడివైపా, తండ్రికి కుడివైపా స్పష్టం చేయవలసిందిగా ఇతను కోరేవాడు. వేలిని పట్టుకోవడానికీ చీకడానికీ తేడా ఉందా అని అడిగాడు. అది తేల్చడానికి వాళ్ళు ఉపసంఘం వేసుకున్నారు. ఉపసంఘం చల్లటి దేశాలకు వెళ్ళింది. ఈలోపు జాహ్నవి నడిచింది, మాట్లాడింది, బళ్ళో చేరి ఏడో తరగతికి వచ్చింది.

బళ్ళో పిల్లలంతా తమ వృత్తి రాసిన బిళ్ళలు జేబుకు తగిలించుకుని, వరసలుగా కూర్చునేవారు. లాప్‌టాప్ వరస, గరిటె వరస, తాపీ వరస. ఏ వరసవాళ్ళకు ఆ పుస్తకాలే. జాహ్నవికి బిళ్ళ లేదు, ఎక్కడ పడితే అక్కడ కూర్చునేది. ఒక వారం విమానం నడుపుతానంది, తరవాతి వారం మేకలు పెంచుతానంది, ఆ పైన జడ్జీనవుతానని ఇంట్లో అందరికీ శిక్షలు వేసింది. ఎందులోనూ నిలకడ లేదని హైమ విసుక్కునేది. యలమందరావుకు ఆ నిలకడలేనితనం చూస్తే కడుపు నిండిపోయేది.

ఒక శనివారం సాయంత్రం పైనుంచి మళ్ళీ కవరొచ్చింది. ఈసారి వివరణ కాదు, తుది ఉత్తర్వు. బొటనవేలు ఉద్యోగిలో అవిభాజ్య భాగమేనని, సెలవు వేలికి వర్తించదని, కావున జాహ్నవిని మున్సిపల్ సీనియర్ అసిస్టెంటుగా ఖరారు చేయడమైనదని, ఇకపై ఏ ఉత్తరప్రత్యుత్తరాలూ స్వీకరింపబడవని అందులో ఉంది. హైమ చదివి కుప్పకూలినట్టు కూర్చుంది.

యలమందరావు కళ్ళజోడు పెట్టుకుని ఉత్తర్వును కిందినుంచి పైకి, పైనుంచి కిందికి చూశాడు. సంతకం ఉంది. ముద్ర ఉంది. తేదీ ఉంది. అంతా పకడ్బందీగా ఉంది. అతని మొహం నల్లబడింది. జాహ్నవి తండ్రి భుజం మీద గడ్డం ఆనించి తనూ చూస్తోంది.

కాసేపటికి అతని పెదవి ఒక పక్కకు వంగింది.

"ఎవరు సంతకం పెట్టారే ఇది?"

"డైరెక్టరు గారు, వృత్తి నిర్ధారణ శాఖ," చదివింది జాహ్నవి.

"ఆయన ఆర్నెల్లప్పుడు ఏం పట్టుకున్నాడు? డైరెక్టరుగిరీకి తగినది పట్టుకున్నట్టు రుజువేది? జతచేయలేదు. అది లేకుండా ఆయన సంతకం ఎట్టా చెల్లుద్ది?"

హైమ తలెత్తింది. జాహ్నవి కిలకిలా నవ్వింది. నవ్వి, కొంచెం తటపటాయించి, వెనక దాచుకున్న కాగితం ఒకటి తీసి తండ్రి ముందు పెట్టింది. దంతవైద్యం అని నిర్ధారించిన ప్రథమ గ్రహణ పత్రం అది. దాని తాలూకు పిల్ల రిజ్వానా గుమ్మం బయట చెప్పులు విప్పకుండా నిలబడి ఉంది. ఆ పిల్ల బొమ్మలు బాగా వేస్తుంది. వేళ్ళకు ఎప్పుడూ రంగులే ఉంటాయి. ఆర్నెల్లప్పుడు, ఇంకా పళ్ళు రాని చిగుళ్ళు దురదపెడితే టూత్‌బ్రష్షు పట్టుకుందట.

"రిజ్వానా వాళ్ళ నాన్నకి ఇట్టాంటివి రావంట నాన్నా," అంది జాహ్నవి. "ఇందులో కూడా ఏమన్నా లేదేమో చూడవా?"

యలమందరావు ఆ పత్రం చేతిలోకి తీసుకుని చూశాడు. చాలా లేవు. పళ్ళే రాని పిల్ల పళ్ళ బ్రష్షును ఏ అర్హతతో పట్టుకుంది అన్న దగ్గరనుంచి మొదలుపెట్టచ్చు. గుమ్మంలోని పిల్లని లోపలికి రమ్మని సైగ చేశాడు. ఆ పిల్ల వెనకాల ఇంకో ఇద్దరు, వాళ్ళ వెనక వాళ్ళ అమ్మలు, అంతా కాగితాలతో నిలబడి ఉన్నారని అప్పుడు చూశాడు. అతనికి భయం వేయలేదు. సిగ్గూ వేయలేదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎన్నడూ లేనంత హుషారు వచ్చింది.

"కూర్చోండమ్మా, ఒక్కొక్కరూ రండి," అని జేబులోంచి పెన్ను తీశాడు.

మంచం మీద నుంచి శేషారత్నం మనవరాలిని మోచేత్తో పొడిచింది. "చూడవే మీ నాన్నని. అన్నప్రాశననాడూ అచ్చం ఇట్టాగే పట్టుకున్నాడు పెన్ను. అందరం కలిసి లాగినా వదిలాడు కాదు."